కౌంటర్ వెనక మనిషి 'కుదరదు' అనొచ్చా?

(పెళ్లి విషయంలో ప్రభుత్వం పాత్ర గురించి ఒక కుటుంబ న్యాయవాది చేసిన ప్రసంగం, ఆ తర్వాత జరిగిన ప్రశ్నోత్తరాలు. రికార్డింగ్ నుంచి రాసుకున్న పాఠం.)

అధ్యక్షులకూ, వేదిక మీదున్న పెద్దలకూ, సెలవు రోజు ఇంట్లో నడుం వాల్చకుండా ఇక్కడిదాకా వచ్చిన మీ అందరికీ నమస్కారం.

నాకిచ్చిన అంశం 'పెళ్లిలో ప్రభుత్వానికేం పని?' అని. గంటలో తేలే విషయం కాదు. అందుకని ఒక్క ప్రశ్నకు కుదించుకుని వచ్చాను. ఇద్దరు పెళ్లి చేసుకోవాలనుకుంటే ముందు ప్రభుత్వం దగ్గరికెళ్లి అనుమతి తెచ్చుకోవాలా? లేకపోతే వాళ్లిద్దరూ ఒక మాట అనుకుని, కాగితం రాసుకుని వస్తే, ప్రభుత్వం దాన్ని పుస్తకంలోకి ఎక్కించుకుని ఊరుకోవాలా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అనుమతి ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉండకూడదు. నమోదు చేసే బాధ్యత తప్పకుండా ఉండాలి. ఇంతవరకు ఈ హాల్లో చాలామంది తలూపుతారు. కానీ ఆ నమోదయ్యేది ఇద్దరి మధ్య ప్రైవేటు ఒప్పందమే, అంతకుమించి ఏమీ లేదు అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఇవాళ ఎక్కువ టైం ఆ పేచీకే పోతుంది.

ముందు అనుమతికీ నమోదుకీ తేడా ఎక్కడుందో చూద్దాం. రెండింటికీ ఫారం నింపాలి, సంతకాలు పెట్టాలి, ఫీజు కట్టాలి, క్యూలో నిలబడాలి. బయటికొచ్చేటప్పుడు చేతిలో ముద్ర వేసిన కాగితం ఉంటుంది. పైకి చూస్తే రెండూ ఒకటే. తేడా అంతా కౌంటర్ వెనక కూర్చున్న మనిషి దగ్గరుంది. 'మీ ఇద్దరికీ కుదరదు, వెళ్లిరండి' అనే అధికారం ఆయనకు ఉందా, లేదా? బిడ్డ పుడితే జనన నమోదుకు వెళ్తాం. అక్కడి గుమస్తాకు ఆ బిడ్డ నచ్చాల్సిన పని లేదు. తేదీ, తల్లిదండ్రుల పేర్లు రాసుకుంటాడు, అంతే. పెళ్లి విషయంలోనూ ఆయన పని అంతవరకేనా అన్నదే మన ప్రశ్న.

చరిత్రలోకి కాస్త వెళ్దాం. ఐరోపాలో వందల ఏళ్ల పాటు చర్చి చెప్పింది ఒకటే. ఇద్దరూ 'ఈ క్షణం నుంచి మనం భార్యాభర్తలం' అని ఒకరికొకరు చెప్పుకుంటే పెళ్లయిపోయినట్టే. ఫాదర్ లేకపోయినా, సాక్షి లేకపోయినా చెల్లుతుంది. వినడానికి ఎంత బాగుందో చూడండి. చిక్కల్లా, తర్వాత ఒకరు 'అసలు నేనా మాటే అనలేదు' అని అడ్డం తిరిగినప్పుడు. ఇలాంటి రహస్యపు పెళ్లిళ్ల గోల పడలేక 1563లో ట్రెంట్ మహాసభలో కేథలిక్ చర్చి కొత్త నియమం పెట్టింది. విచారణ గురువు, అంటే ఆ ఊరి చర్చి ఫాదర్, కనీసం ఇద్దరు సాక్షులు ఎదుట లేకపోతే ఆ పెళ్లి చెల్లదంది.

ఇంగ్లండ్ అప్పటికే రోమ్‌తో తెగతెంపులు చేసుకుంది కాబట్టి ఆ నియమం అక్కడికి రాలేదు. 18వ శతాబ్దపు లండన్‌లో ఫ్లీట్ అని ఒక జైలుండేది. అప్పులు తీర్చలేక ఆ జైలుకు చేరిన మతగురువులు, ఆ చుట్టుపక్కల గదుల్లో, డబ్బు పుచ్చుకుని అడిగినవాళ్లకల్లా పెళ్లి చేసేవాళ్లు. ఇంకాస్త చేతిలో పెడితే రిజిస్టర్‌లో పాత తేదీ వేసి ఇచ్చేవాళ్లు. కడుపులో బిడ్డ ఉన్నవాళ్లకి ఆ పాత తేదీ ఎంత అవసరమో నేను చెప్పక్కర్లేదు. ఇక్కడొకటి గమనించండి. రిజిస్టర్ ఉంది, సంతకాలు ఉన్నాయి, తేదీ ఉంది. కోర్టులో మాత్రం ఆ పుస్తకాన్ని నమ్మడానికి లేదు. నమోదు ఎవరు చేసినా ఒకటే కదా, ప్రైవేటు కంపెనీ చేస్తే తప్పేంటి అని ఈమధ్య అంటున్నారు చూశారా, వాళ్లకు ఫ్లీట్ జైలు సంగతి గుర్తు చేయండి.

1753లో హార్డ్విక్ ప్రభువు చట్టం తెచ్చారు. మరుసటేడు మార్చి నుంచి అమలైంది. చర్చిలో ముందస్తు ప్రకటన చేసిగానీ లైసెన్సు తీసుకుని గానీ, సాక్షుల ఎదుట, రిజిస్టర్‌లో సంతకాలతో జరగని పెళ్లి చెల్లదు. యూదులకూ, క్వేకర్లు అనే చిన్న క్రైస్తవ శాఖవాళ్లకూ మినహాయింపు ఇచ్చారు. కేథలిక్కులకు ఇవ్వలేదు. వాళ్లు కూడా ఇంగ్లండ్ అధికారిక చర్చి అయిన ఆంగ్లికన్ చర్చికే వచ్చి తలవంచాలి. దొంగ పెళ్లిళ్లు ఆపడానికొచ్చిన చట్టం వెనకే మతం పెత్తనం కూడా వచ్చి కూర్చుంది. అది సర్దుబాటు కావడానికి 1836 నాటి చట్టం దాకా ఆగాల్సొచ్చింది.

స్కాట్లండ్‌కు ఈ చట్టం వర్తించలేదు. అక్కడ పాత పద్ధతే నడిచింది. అందుకే పెద్దవాళ్లు ఒప్పుకోని జంటలు సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్ అనే పల్లెకు పరిగెత్తేవి. ఆ కథలు మీలో చాలామంది వినే ఉంటారు, వాటి జోలికి వెళ్లను. దానికంటే నాకు ముఖ్యమైన కేసు ఒకటుంది. మన వాదనకు సరిగ్గా సరిపోయేది.

1804. ఎడిన్‌బరో. జాన్ డాల్‌రింపుల్ అనే కుర్ర సైనికాధికారి ఇంగ్లండ్ నుంచి రెజిమెంట్‌తో పాటు వచ్చాడు. జొహానా గోర్డన్ అనే అమ్మాయితో ప్రేమలో పడ్డాడు. తండ్రికి తెలిస్తే ఆస్తి దక్కదని భయం. ఇద్దరూ కాగితాలు రాసుకున్నారు. ఈమె నా భార్య అని అతను, ఇతను నా భర్త అని ఆమె. రహస్యంగా ఉంచాలనీ అనుకున్నారు. ఆ కాగితాలు ఆమె దగ్గర ఉన్నాయి. అతను దేశాలు పట్టిపోయాడు. తండ్రి పోయాడు. 1808లో అతను ఇంగ్లండ్‌లో లారా మానర్స్ అనే ఇంకో ఆమెని పద్ధతి ప్రకారం పెళ్లి చేసుకున్నాడు. అప్పుడు జొహానా ఆ కాగితాలు పట్టుకుని కోర్టుకెక్కింది. 1811లో సర్ విలియం స్కాట్ సుదీర్ఘమైన తీర్పిచ్చారు. స్కాట్లండ్ చట్టం ప్రకారం ఆ కాగితాలతోనే పెళ్లయిపోయింది, జొహానాయే భార్య అన్నారు.

న్యాయం జరిగిందని చప్పట్లు కొట్టబోతున్నారా? లారా మానర్స్ సంగతేంటండీ? ఆమె చర్చికెళ్లింది, అందరి ముందూ పెళ్లి చేసుకుంది, ఆమె వైపు నుంచి ఏ లోపమూ లేదు. మూడేళ్ల కాపురం తర్వాత, ఎవరి సొరుగులోనో ఉన్న కాగితం వల్ల, ఆమె భార్య కాకుండా పోయింది. ఒప్పందం చేసుకున్నది ఇద్దరు, దెబ్బ తగిలింది మూడో మనిషికి. ఆ రెండు కాగితాలు ఎక్కడైనా, ఎవరైనా వెళ్లి చూసుకోగలిగిన ఒక పుస్తకంలో ఎక్కి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. స్కాట్లండ్‌లో ఇలా మాటతో అయిపోయే పెళ్లిళ్లకు 1940 జులై నుంచి స్వస్తి చెప్పారు.

ఇదీ ఒకవైపు. నమోదు లేని ప్రైవేటు ఒప్పందం ఎవరి కొంప ముంచుతుందో చూశాం. ఇక రెండోవైపు, అనుమతి సంగతి.

అమెరికాలో దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ పెళ్లికి లైసెన్సు కావాలి. కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, దాని క్లర్కు ఇస్తాడు. ఇవ్వకుండా ఆపే అధికారం చేతికొస్తే ఏం చేస్తారో చూడ్డానికి 1924 నాటి వర్జీనియా చట్టం చాలు. దరఖాస్తు చేసిన ఇద్దరి రంగు గురించీ వాళ్లు రాసింది నిజమేనని క్లర్కుకు నమ్మకం కుదిరేదాకా లైసెన్సు ఇవ్వకూడదు. తెల్లవాళ్లు తెల్లవాళ్లనే చేసుకోవాలి. అంటే ఒక గుమస్తా నీ ముఖం చూసి, నీ తాత ముత్తాతల గురించి ఆరా తీసి, నీ పెళ్లి సంగతి తేలుస్తాడన్నమాట.

మిల్డ్రెడ్, రిచర్డ్ లవింగ్ అనే ఇద్దరు 1958 జూన్‌లో రాజధాని వాషింగ్టన్ వెళ్లి పెళ్లి చేసుకున్నారు. ఆమె నల్లజాతి మనిషి, అతను తెల్లవాడు. వాషింగ్టన్‌లో అది చట్టబద్ధమే. తిరిగి వర్జీనియా వచ్చి కాపురం పెట్టారు. జులైలో ఒక రాత్రి, తెల్లవారుజామున రెండింటప్పుడు, షెరిఫ్ పడగ్గదిలోకొచ్చి ముఖం మీద టార్చిలైటు వేశాడు. ఈమెతో ఏం చేస్తున్నావని అడిగాడు. గోడకు తగిలించిన పెళ్లి సర్టిఫికెట్ చూపించారు. అది ఇక్కడ చెల్లదన్నాడు షెరిఫ్. ఏడాది జైలుశిక్ష వేసి, పాతికేళ్ల పాటు ఇద్దరూ కలిసి రాష్ట్రంలో అడుగుపెట్టకపోతే శిక్ష ఆపుతామన్నారు. 1967 జూన్ 12న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ చట్టం కొట్టేసింది. అప్పటికి ఇంకా పదహారు రాష్ట్రాల్లో అలాంటి చట్టాలున్నాయి.

వాళ్లు దుర్మార్గులు కాబట్టి అలా వాడారు, మంచివాళ్ల చేతిలో అయితే అనుమతి మంచిదే కదా అని మీకు అనిపించొచ్చు. సరే, మంచి ఉద్దేశంతో వాడిన సందర్భాలే చూద్దాం. 1895లో కనెక్టికట్ రాష్ట్రం మూర్ఛ ఉన్నవాళ్లు, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోకూడదని చట్టం చేసింది. చేసినవాళ్లు తమను తాము సంస్కర్తలనే అనుకున్నారు. 1935లో అదే రాష్ట్రం సిఫిలిస్ కోసం ఇద్దరికీ రక్తపరీక్ష తప్పనిసరి చేసింది. మిగతా రాష్ట్రాలు చాలావరకు అదే దారి పట్టాయి. పెన్సిలిన్ వచ్చింది, జబ్బు అదుపులోకి వచ్చింది, రూలు మాత్రం దశాబ్దాల పాటు కదల్లేదు. చివరికి మిగిలిన మోంటానాలో, ఆడవాళ్లకు మాత్రం చేసే ఇంకో రక్తపరీక్షను 2019లో గానీ ఎత్తెయ్యలేదు. ఒకసారి గేటు కట్టాక అందులో ఎవరికి తోచిన తాళం వాళ్లు వేస్తారు, తీసేవాడు ఉండడు. 1935లోనే హిట్లర్ జర్మనీలో పెళ్లికి ఆరోగ్య యోగ్యతా పత్రం తెమ్మన్నారు. అది ఎక్కడికి దారితీసిందో అందరికీ తెలుసు, దాని మీద ఆగను.

ఇంతకంటే మంచి ఉద్దేశం ఉండదనిపించేది అమెరికాలోనే విస్కాన్సిన్ రాష్ట్రం రూలు. పిల్లల పోషణకు డబ్బు కట్టాలని కోర్టు ఆదేశం ఉన్నవాళ్లు, ఆ బాకీ లేదనీ, పిల్లలు ప్రభుత్వ సాయం మీద పడరనీ రుజువు చేసి, కోర్టు అనుమతి తెచ్చుకుంటే తప్ప మళ్లీ పెళ్లి చేసుకోవడానికి వీల్లేదు. మంచిదేగా? నాకూ మొదట చదివినప్పుడు మంచిదే అనిపించింది. 1974లో ఒక పేద కుర్రవాడు లైసెన్సుకు వెళ్తే కౌంటీ క్లర్కు పొమ్మన్నాడు. అతనికి అంతకుముందే ఒక కూతురుంది, డబ్బు కట్టలేకపోయాడు. పెళ్లి చేసుకోబోయే అమ్మాయి అప్పటికే గర్భవతి. పెళ్లి ఆపితే పాత బాకీ వసూలయిందా? లేదు. కొత్తగా పుట్టే బిడ్డ తల్లిదండ్రులకు పెళ్లి లేకుండా పోయింది, అంతే. 1978లో సుప్రీంకోర్టు ఆ రూలు కొట్టేసి, బాకీ వసూలు చేసుకోవడానికి వేరే దారులు బోలెడున్నాయంది. కోర్టు చెప్పినదాంట్లో నాకు నచ్చింది అదే. నీ ఉద్దేశం బాకీ వసూలైతే బాకీ వసూలు చేయి, జబ్బు ఆపడమైతే వైద్యం చేయి. పెళ్లి కౌంటర్ దగ్గర నిలబడి అన్ని పనులూ చక్కబెట్టాలని చూడకు.

అయితే మొత్తం ప్రభుత్వాన్నే బయటికి పంపేద్దాం, పెళ్లి అంటే ఇద్దరి మధ్య ఒప్పందం, ఎవరి షరతులు వాళ్లు రాసుకుంటారు, నోటరీ ముద్ర వేయించుకుంటారు, ప్రభుత్వం నకలు దాచిపెడుతుంది, తగాదా వస్తే మిగతా ఒప్పందాల్లాగే కోర్టు తేలుస్తుంది. ఇదీ రెండో పక్షం వాదన. తెలివైన వాదనే. దీంట్లో ఉన్న గౌరవం నాకు నచ్చుతుంది. మనుషులు పెద్దవాళ్లు, వాళ్ల జీవితం వాళ్లు చూసుకోగలరు అని నమ్ముతుంది. లవింగ్ దంపతులకు ఆ వాదన కింద ఏ ఇబ్బందీ వచ్చేది కాదు.

చిక్కు ఎక్కడంటే, ఒప్పందం సంతకం పెట్టినవాళ్లనే కట్టేస్తుంది. మిగతావాళ్లను కట్టెయ్యదు. న్యూయార్క్‌లో ఈడిత్ విండ్సర్, థియా స్పయర్ అని ఇద్దరు ఆడవాళ్లు నలభై ఏళ్లకు పైగా కలిసి బతికారు. 2007లో టొరంటో వెళ్లి పెళ్లి చేసుకున్నారు. 2009లో థియా పోయింది. ఆస్తి ఈడిత్‌కే రాసింది. అమెరికా కేంద్ర ప్రభుత్వం ఆ పెళ్లిని గుర్తించలేదు కాబట్టి ఈడిత్‌ను పరాయి మనిషిగా లెక్కేసి 3,63,053 డాలర్ల వారసత్వ పన్ను కట్టమంది. భర్త పోయిన భార్యకైతే సున్నా. ఇప్పుడు చెప్పండి, వాళ్లిద్దరూ ఎంత పకడ్బందీ ఒప్పందం రాసుకుంటే మాత్రం ఆ పన్నులో ఒక్క డాలర్ తగ్గేదా? పన్నుల శాఖ ఆ ఒప్పందంలో సంతకం పెట్టలేదుగా! 2013లో సుప్రీంకోర్టులో గెలిచింది కాబట్టి డబ్బు వెనక్కి వచ్చింది.

అదే ఏడాది ఒహాయో రాష్ట్రంలో జిమ్ ఒబర్‌గెఫెల్, జాన్ ఆర్థర్ అని ఇద్దరు మగవాళ్లు. ఆర్థర్ నరాల జబ్బుతో మంచం పట్టాడు, కదల్లేడు. వాళ్ల రాష్ట్రంలో పెళ్లి కుదరదు. వైద్య సదుపాయాలున్న చిన్న విమానం మాట్లాడుకుని మేరీలాండ్ వెళ్లి, విమానం నేల మీద ఆగి ఉండగా లోపలే పెళ్లి చేసుకుని తిరిగొచ్చారు. మూడు నెలలకు ఆర్థర్ పోయాడు. ఒబర్‌గెఫెల్ కోర్టులో కోరిందేమిటో తెలుసా? మరణ ధ్రువపత్రంలో 'జీవించి ఉన్న జీవిత భాగస్వామి' అనే గడిలో తన పేరుండాలని. ఒక గడి! స్వలింగ జంటలు ఏ రాష్ట్రంలోనైనా పెళ్లి చేసుకోవచ్చంటూ 2015లో దేశం మొత్తాన్నీ మార్చిన తీర్పు అక్కడ మొదలైంది. అందుకే ప్రభుత్వం 'ఊరికే రాసుకుంటుంది' అని తేలిగ్గా అనేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం. ఆ రాత వెనక ఆసుపత్రి ఉంది, పెన్షన్ ఉంది, వీసా ఉంది, శవాన్ని ఎవరికి అప్పగించాలన్న ప్రశ్న ఉంది. భార్య అన్న ఒక్క మాటకు ఇవన్నీ తలవంచాలంటే, ఆ మాట అందరి మీదా చెల్లే చట్టం వల్ల రావాలి. ఇద్దరి సంతకాలతో రాదు.

రెండో చిక్కు నాకు వృత్తిలో రోజూ కనపడేది. పెళ్లికి ముందు రాసుకునే ఒప్పందాల్లో పేజీలకు పేజీలు ఆస్తి గురించే ఉంటాయి. కంపెనీ షేర్లు, ఇల్లు, తాతల నాటి భూమి. ఇద్దరిలో ఒకరు పిల్లల కోసం ఉద్యోగం మానేయాల్సి వస్తే ఏంటి, పదేళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగం దొరక్కపోతే ఏంటి అన్నదాని మీద ఒక్క వాక్యం ఉండదు. ఎందుకుంటుంది? ముసాయిదా రాయించింది ఆస్తి ఉన్నవాళ్ల లాయరు. రెండోవాళ్లు పెళ్లి టెన్షన్‌లో ఉండి, చూపించిన చోటల్లా సంతకం పెడతారు. ప్రేమలో ఉన్న మనిషి బేరమాడడు. బేరమాడితే ప్రేమ లేదనుకుంటారేమోనని భయం. అలాంటి పరిస్థితిలో రాసినదాన్ని ఇరవై ఏళ్ల తర్వాత అక్షరం పొల్లుపోకుండా అమలు చేయమనడం న్యాయం కాదు. ఏమీ రాసుకోకపోయినా వర్తించే కొన్ని హామీలు చట్టంలో ముందే ఉండాలి. బలహీనంగా ఉన్నవాళ్లు అడగక్కర్లేకుండానే దొరికేవి.

నమోదు చేసిన ప్రైవేటు ఒప్పందం అంటే ఆచరణలో ఎలా ఉంటుందో చూడాలంటే ఫ్రాన్స్ వెళ్లాలి. 1999లో వాళ్లు పాక్స్ అనే పద్ధతి తెచ్చారు. ఇద్దరు ఒప్పందం రాసుకుంటారు, ప్రభుత్వ కార్యాలయంలో నమోదు చేయిస్తారు, అయిపోయింది. స్త్రీ పురుషులు, స్వలింగ జంటలు, ఎవరైనా. పన్ను కలిపి కట్టొచ్చు. ఇద్దరిలో ఒక్కరికి వద్దనిపించినా నోటీసు పంపి రద్దు చేసుకోవచ్చు, కోర్టు అవసరం లేదు. బాగా జనంలోకి వెళ్లింది. ఇప్పుడు ఏటా రెండు లక్షల జంటలు దీంట్లోకి వస్తున్నాయి. కానీ లోపల చూడండి. వీలునామా లేకపోతే ఒకరి ఆస్తి ఇంకొకరికి రాదు. ఒకరు పోతే రెండోవాళ్లకు పెన్షన్ లేదు. ఇద్దరూ ఆరోగ్యంగా, సంపాదనలో ఉన్నన్నాళ్లూ పాక్స్ హాయిగా ఉంటుంది. ఫ్రెంచివాళ్లు తెలివిగా పెళ్లిని కూడా అలాగే ఉంచారు, కావలసినవాళ్లు అది చేసుకుంటారు. అచ్చంగా పాక్స్ ఒక్కటే ఉండి ఉంటే, ముసలితనంలో చాలామంది వీధిన పడేవాళ్లు.

ఇక అమెరికాలోని అలబామా రాష్ట్రం. మన అంశానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. 2019 ఆగస్టు 29 నుంచి ఆ రాష్ట్రంలో పెళ్లి లైసెన్సు ఎత్తేశారు. ఇద్దరూ ఒక ఫారం మీద, తమకు వయసు నిండిందనీ, ఇంకో పెళ్లి అమల్లో లేదనీ, దగ్గరి రక్తసంబంధం లేదనీ, ఇష్టపడే చేసుకుంటున్నామనీ ప్రమాణం చేసి నోటరీ ముందు సంతకం పెడతారు. ముప్ఫై రోజుల్లోగా ప్రొబేట్ జడ్జి, అంటే వీలునామాలు, వారసత్వాలు చూసే కౌంటీ జడ్జి, ఆఫీసులో ఇస్తారు. జడ్జి దాన్ని రికార్డు చేసి తీరాలి. వేడుక అక్కర్లేదు.

ప్రభుత్వాన్ని బయటికి పంపేద్దామనే స్వేచ్ఛావాదులు గెలిచారనుకుంటున్నారా? అసలు కథ వేరు. 2015 తీర్పు తర్వాత స్వలింగ జంటలకు లైసెన్సు ఇవ్వడం ఇష్టంలేక కొందరు జడ్జిలు ఎవరికీ లైసెన్సులివ్వడం మానేశారు. పాత చట్టంలో జడ్జి లైసెన్సు 'ఇవ్వవచ్చు' అని ఉంది, ఇవ్వాలి అని లేదు. ఆ కౌంటీల్లో మామూలు ఆడామగా కూడా పెళ్లి కోసం పక్క కౌంటీకి వెళ్లాల్సొచ్చింది. (నవ్వులు) ఈ తలనొప్పి పోగొట్టడానికి లైసెన్సే తీసేశారు. కారణం ఏదైనా ఫలితం నాకు నచ్చింది. జడ్జి మనసులో ఏముందన్నది ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. గమనించాల్సింది ఇంకోటుంది. లైసెన్సు తీసేశారు గానీ పెళ్లి వల్ల వచ్చే హక్కులు, బాధ్యతలు ఒక్కటి కూడా తియ్యలేదు. విడాకుల చట్టం అలాగే ఉంది, వారసత్వం అలాగే ఉంది. లోపలికి వచ్చే తలుపు దగ్గర కాపలా తీసేసి, ఇంటిని మాత్రం ఉంచారు. నేను కోరేది సరిగ్గా అదే.

మన దేశం సంగతి రెండు ముక్కల్లో. ఇక్కడ ఎక్కువ పెళ్లిళ్లకు ముందస్తు అనుమతి ఎప్పుడూ లేదు. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించకపోయినంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదు. దీనికి రెండోవైపు కూడా ఉంది. పెళ్లి తంతు జరక్కుండా సర్టిఫికెట్ తెచ్చుకున్నంత మాత్రాన ఆ చట్టం కింద పెళ్లయినట్టు కాదని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అనుమతి వాసన వచ్చేది 1954 ప్రత్యేక వివాహ చట్టంలో. నోటీసిచ్చి ముప్ఫై రోజులు ఆగాలి, ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనపడేలా పెడతారు, ఎవరైనా వచ్చి అభ్యంతరం చెప్పొచ్చు. అభ్యంతరం చట్టంలో ఉన్న కారణాల మీదే ఉండాలి, నిజమే. కానీ ఇంట్లోవాళ్లకు భయపడి పారిపోయి వచ్చిన జంట అడ్రసు నెలరోజులు గోడ మీద ఉంటే, అభ్యంతరం రాతపూర్వకంగా రావక్కర్లేదు కదా! కర్రలు పట్టుకుని వస్తుంది. ఆ నోటీసు బయటపెట్టాలా వద్దా అన్నది జంట ఇష్టమని 2021లో అలహాబాద్ హైకోర్టు అంది. ఆ ముప్ఫై రోజులు ఎత్తేయాలన్నది నా అభిప్రాయం.

నమోదు అంటే దానంతటదే నిర్దోషి అని కూడా నేననను. ఇందాకటి వర్జీనియాలోనే వాల్టర్ ప్లెకర్ అని జనన మరణ వివాహాల రిజిస్ట్రార్ ఉండేవాడు. 1912 నుంచి 1946 దాకా అదే కుర్చీ. ఆయన అనుమతులేమీ ఇవ్వలేదు, పుస్తకాలు చూసుకున్నాడు, అంతే. ఆ పుస్తకాల్లోనే అమెరికన్ ఆదివాసుల్ని ఆదివాసులుగా రాయకుండా 'రంగువాళ్లు' అనే గడిలోకి తోసి, వాళ్ల ఉనికినే కాగితం మీద చెరిపేశాడు. లవింగ్ తీర్పు వచ్చిన యాభై రెండేళ్లకు, 2019లో కూడా వర్జీనియాలో పెళ్లి ఫారం మీద జాతి ఏమిటో రాయమన్నారు. 'మేం రాయం' అని కొన్ని జంటలు కోర్టుకెళ్తే అప్పుడు జడ్జి కొట్టేశారు. కాబట్టి పుస్తకం ఎవరి చేతిలో ఉందన్నది ఎంత ముఖ్యమో, అందులో ఎన్ని గడులున్నాయన్నదీ అంతే ముఖ్యం. కులం, మతం, జాతి, తండ్రి వృత్తి, ఇవేవీ పెళ్లి పుస్తకానికి అక్కర్లేదు. ఇద్దరూ ఎవరు, వయసు నిండిందా, ఇద్దరికీ ఇష్టమేనా, వేరే పెళ్లి ఉందా, దగ్గరి రక్తసంబంధమా. ఇంతే. ఇష్టమేనా అన్నది మాత్రం ఇద్దరినీ విడివిడిగా, వెంట వచ్చిన బంధువుల్ని బయట కూర్చోబెట్టి అడగాలి. మిగతా పుస్తకం అంతా ఐదు నిమిషాల పని, దానికి మాత్రం ఎంత టైమైనా పెట్టండి.

నా మాట ఇక్కడికి ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, వయసు నిండకపోతే నమోదు చెయ్యనంటాడు కదా గుమస్తా. అదీ 'కుదరదు' అనడమేగా? మళ్లీ లైసెన్సే అయింది!

(నవ్వులు, చప్పట్లు) పట్టేశారు. ఈ ప్రశ్న వస్తుందనే అనుకున్నాను. నిజమే, అక్కడ 'కుదరదు' ఉంది. కానీ ఆ మాట గుమస్తా సొంతం కాదు. పుట్టిన తేదీ చూస్తాడు, లెక్కేస్తాడు. ఆ కుర్చీలో మీరున్నా, నేనున్నా, ఈ జంటకు గిట్టనివాడున్నా జవాబు ఒకటే వస్తుంది. వర్జీనియా క్లర్కుకు 'నమ్మకం కుదరాలి' అన్నారు చూశారా, అక్కడ జవాబు మనిషిని బట్టి మారుతుంది. నేను వద్దనేది దాన్ని. గుమస్తా కాదంటే అక్కడికక్కడ రాసి ఇవ్వాలి, ఏ నియమం కింద కాదన్నాడో చెప్పాలి, అది తప్పని రుజువు చేసే భారం జంట మీద కాకుండా ఆఫీసు మీద ఉండాలి.

ప్రశ్న: అనుమతి తీసేస్తే బాల్యవివాహాలు పెరగవా?

అనుమతి ఉన్నచోట అవి ఆగాయా అమ్మా? అమెరికాలో పద్దెనిమిది నిండని పిల్లలకు తల్లిదండ్రుల సంతకంతోనో, జడ్జి ఆమోదంతోనో లైసెన్సులిచ్చారు. దొంగతనంగా కాదు, ముద్ర వేసి మరీ. ఏ మినహాయింపూ లేకుండా పద్దెనిమిదేళ్లు నిండాల్సిందేనని మొదట చట్టం చేసిన రాష్ట్రాలు డెలవేర్, న్యూజెర్సీ. ఎప్పుడు? 2018లో. ఇంగ్లండ్, వేల్స్‌లో 2023 ఫిబ్రవరి దాకా పదహారేళ్లకు తల్లిదండ్రులు ఒప్పుకుంటే సరిపోయేది. ఆ పిల్లల్ని కాపాడాల్సిన 'అనుమతి' వాళ్ల మీదే వాడారు. ఆపగలిగేది మినహాయింపుల్లేని వయసు నియమం, దాన్ని మీరినవాళ్ల మీద కేసు.

ప్రశ్న: మీరు ఒప్పందాలే వద్దంటున్నారా?

లేదండీ, రాసుకోనివ్వండి. ఫ్రాన్స్‌లో పెళ్లికి ముందు నోటరీ దగ్గర ఆస్తి ఒప్పందం రాసుకోవడం ఎప్పటినుంచో ఉంది, పెళ్లి మాత్రం మునిసిపల్ ఆఫీసులో వేరుగా జరుగుతుంది. ఆస్తి వరకు ఎలాగైనా రాసుకోండి. ఇద్దరికీ చెరో లాయరు ఉండాలి. పిల్లల పోషణ గురించి రాసింది మాత్రం కోర్టును కట్టెయ్యకూడదు. ఆ పిల్లలు సంతకం పెట్టలేదు.

ప్రశ్న: అసలు ఏ నమోదూ లేకుండా కలిసి ఉండేవాళ్ల సంగతేంటి సార్? వాళ్లకు పుస్తకమే అక్కర్లేదంటున్నారుగా.

అక్కర్లేదనే హక్కు వాళ్లకుంది. కానీ పుస్తకంలో పేరు లేనంత మాత్రాన ఇల్లూ, పిల్లలూ, బ్యాంకు అప్పూ లేకుండా పోవు. స్కాట్లండ్‌లో నలుగురూ భార్యాభర్తలని అనుకునేలా కలిసి బతికితే పెళ్లయినట్టు లెక్కించే పాత పద్ధతి ఒకటుండేది. 2006లో దాన్ని కొత్తవాళ్లకు ఎత్తేశారు. అదే చట్టంలో, పెళ్లి లేకుండా కలిసి బతికి విడిపోయినవాళ్లు, ఒకరి త్యాగం వల్ల ఇంకొకరు బాగుపడి ఉంటే కోర్టుకొచ్చి పరిహారం అడిగే హక్కు ఇచ్చారు. విడిపోయిన ఏడాదిలోగా రావాలన్నారు. పెళ్లిలో ఉన్నంత హక్కు కాదు, అసలేమీ లేకపోవడమూ కాదు. నాకైతే ఆ ఏడాది గడువు చాలా తక్కువనిపిస్తుంది. ఇల్లు వదిలి బయటికొచ్చిన మనిషికి మొదటి ఏడాది అద్దిల్లు వెతుక్కోవడానికీ, పిల్లల్ని ఇంకో స్కూల్లో వేయడానికే సరిపోతుంది. లాయరు దగ్గరికి వచ్చేసరికి గడువు దాటిపోతుంది. కనీసం మూడేళ్లుండాలి.

వెనక ఎవరో చెయ్యెత్తారు... టైమైపోయిందంటున్నారు అధ్యక్షులు. మీరు బయట కలవండి, మాట్లాడుకుందాం.